స్కాన్ చేశాం కానీ వెతికితే ఎవరూ దొరకడం లేదు: సమాధానం

మహిళా సంఘం పాత ఫొటోలు, ఉత్తరాలు 300 దాకా స్కాన్ చేసి సైట్‌లో పెట్టాం, పేరు కొట్టి వెతికితే ఏదీ రావడం లేదు అన్నారు కదా. లోపం సైట్‌ది కాదండీ, వివరాలు ఎక్కించిన తీరుది. ఫొటో వెనక పెన్సిల్‌తో "ఫలానా వారి భార్య" అని ఉంటే మీరూ అదే ఎక్కించారు, దాంతో ఆమె సొంత పేరు ఎక్కడా లేకుండా పోయింది. ఆడవాళ్ల చరిత్ర చాలావరకు జారిపోయేది ఇక్కడే, నాకు చాలా బాధేసే విషయం ఇది.

ముందు ప్రతి మనిషికీ ఒక రికార్డు తెరవండి. సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, కలం పేరు, ఇంట్లో పిలిచే పేరు, వేర్వేరు స్పెల్లింగులు అన్నీ అందులోనే ఉండాలి. ఫొటో వెనక ఉన్న రాతను అక్షరం మార్చకుండా వేరే గడిలో పెట్టండి, అదీ సాక్ష్యమే. పేరు తెలియకపోతే "తెలియదు" అని రాసి, గుర్తుపట్టిన వాళ్లు చెప్పమని అడగండి. ఫొటోలు, ఉత్తరాల వివరాల గడులకు డబ్లిన్ కోర్ (శీర్షిక, తేదీ లాంటి వివరాలు నమోదు చేసే ప్రామాణిక పద్ధతి) 15 అంశాలు సరిపోతాయి, ఉచితంగా దొరికే ఒమేకా అనే సాఫ్ట్‌వేర్‌లో అవి ముందే ఉంటాయి.

చేతిరాత ఉత్తరాలను మాత్రం టైప్ చేయాల్సిందే, బొమ్మగా ఉంటే సెర్చ్‌కి అందవు. అసలు స్కాన్లు టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే బొమ్మ ఫైలు రకం)లో మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో. బతికున్నవాళ్ల ఉత్తరాలు రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకండి, పెట్టినవి ఉంటే ఈరోజే తీసేయండి.