ఓరుగల్లు కోటకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

దసరా సెలవుల్లో స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని ఓరుగల్లు కోట చూడబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే ఆ ఊరు ఎంచుకున్నావని విని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీళ్లు, టోపీ, జారని చెప్పులు. పొద్దున్నే బయలుదేరండి. స్టేషను దగ్గర ఆటోలు దొరుకుతాయి.

చాలామంది ఆటోలో నేరుగా తోరణాల దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. కోట చూసేశామంటారు. నువ్వూ అలా చేస్తే నాకు కోపం వస్తుంది. ముందు గోడలు చూడు. బయట మట్టికోట, లోపల రాతికోట, రెండింటికీ కందకాలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. దాని ద్వారం దగ్గర ఆటో దిగి నడువు. దారి తిన్నగా పోదు, మలుపు తిరిగి మళ్లీ మలుపు తిరుగుతుంది. శత్రువు గుర్రాలకూ ఏనుగులకూ పరుగు అందకూడదని అలా కట్టారు. ఇప్పుడు బండ్లన్నీ ఆ మలుపుల్లోంచే వస్తాయి, ఓ పక్కగా నడవండి.

ఇక నా భయం సంగతి. రాతికోట బయటి నుంచి నిట్టనిలువు గోడ, సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టింది. లోపలి వైపు మాత్రం ఏటవాలు మట్టికట్ట, దాని మీద రాతి మెట్లు. సైనికులు ఎక్కడివారు అక్కడే చటుక్కున పైకి చేరాలని ఆ ఏర్పాటు. పిల్లలకు ఆ మెట్లు చూస్తే కాలు ఆగదు. మీ నాన్నకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. ముందురోజు వాన పడింది. వాడు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేశాడు. పైన మోకాలెత్తు గడ్డి, గోడ ఎక్కడ ఆగిందో అందులో తెలియదు. కందకంలో నీళ్లు చూడాలని అంచున ఉన్న రాయి మీద కాలు మోపాడు. రాయి కదిలింది. లోపలి వైపు పడ్డాడు కనుక చెయ్యి విరగడంతో సరిపోయింది. నాన్న వాణ్ని భుజాన వేసుకుని ఆ మలుపుల దారంతా పరుగెత్తారు, వాడి చెప్పులు పట్టుకుని వెనకాల నేను. ఆ రోజు నాన్న వాణ్ని ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక పెరట్లోకి వెళ్లి ఏడవడం నేను చూశాను. మీ నాన్నకు ఇది ఇప్పటికీ తెలియదు.

గోడ ఎక్కొద్దని నేను అనను. ఎక్కాల్సిందే. కానీ అంచుకు రెండు బారల దూరంలో ఆగు. వెనక్కి అడుగులు వేస్తూ ఫొటో తీసుకున్నావని తెలిస్తే ఊరుకోను.

ఆ తర్వాత తోరణాల దగ్గరికి వెళ్లండి. నాలుగు దిక్కులా నాలుగు నిలిచాయి, వాటి మధ్య ఉండిన స్వయంభూ శివాలయం నిలవలేదు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకోవడంతో కాకతీయుల కథ ముగిసింది. తెలంగాణ చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. అందులో కనిపించని హంసలనూ తామర మొగ్గలనూ దగ్గరగా చూడు. కింద వరుసగా పెట్టిన విరిగిన రాళ్లను దాటేయకు తల్లీ, ఆ గుడిలో మిగిలింది అవే. ఖుష్ మహల్ అక్కడికి దగ్గరే, కాకతీయుల తర్వాతి కట్టడం. దాని గోడల వాలు గమనించు.

కోట లోపల ఊరుంది, పొలాలున్నాయి. ఎవరి వాకిలైనా ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి. ఆడవాళ్లు పలకరిస్తే కాసేపు కూర్చోండి.

రామప్పను అదే రోజు ఇరికించకండి. 1213 నాటి ఆ గుడికి పూట సరిపోదు. దానికి నేనూ వస్తాను, తేదీ ముందే చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య