చారిత్రక ప్రాంతంలో చవక బస

ప్రశ్న: మా అమ్మగారితో కలిసి ఒక పాత నగరం చూడబోతున్నాను. చారిత్రక ప్రాంతం నడిబొడ్డునే తక్కువ అద్దెకు హోటల్ గది దొరుకుతోంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అక్కడ దిగవచ్చా?

జవాబు: దిగవచ్చు. అయితే డబ్బు కట్టే ముందు హోటలుకు ఫోన్ చేసి మెట్ల సంగతి తేల్చుకోండి. వారసత్వ కట్టడాలుగా రక్షణలో ఉన్న భవనాలలో మార్పులు చేయాలంటే సాధారణంగా అనుమతి కావాలి కనుక చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు. ఉన్నచోట కూడా నాలుగైదు మెట్లు ఎక్కిన తరువాతే దాని తలుపు కనిపించడం మామూలే. అందుచేత లిఫ్ట్ ఉందా అని ఊరుకోకుండా, వీధి గుమ్మం నుంచి గది దాకా మొత్తం ఎన్ని మెట్లో అడగండి. ఇలాంటి వీధుల్లోకి వాహనాలను రానివ్వకపోవడం కూడా ఉంటుంది కాబట్టి ట్యాక్సీ ఎక్కడ ఆగుతుందో కనుక్కోండి.

వీధివైపు గది చూడ ముచ్చటగా ఉంటుంది, కానీ పాత చెక్క కిటికీకి ఒంటిపొర అద్దమే ఉంటే, రాళ్లు పరిచిన దారిలో తెల్లవారుజామున వెళ్లే చెత్తబండి చప్పుడు నేరుగా మంచం దాకా వస్తుంది. పెద్దవారికి లోపలి వైపు గదే మేలు.

ఊరి చివర ఇంకా చవకగా దొరికినా, రానుపోను ఖర్చు కలుపుకొని చూడండి. మధ్యాహ్నం అమ్మగారు గదికి వచ్చి కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ మీతో బయలుదేరగలిగే వెసులుబాటు నడిబొడ్డున ఉంటేనే దక్కుతుంది.