టూరిజం మీద పరిశోధన చేయండి, కానీ ముందు ఊరివాళ్లను అడగండి

ప్రశ్న: "టూరిజం, సాంస్కృతిక వారసత్వం మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. ఇలాంటి పరిశోధనల వల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా? ఏ టాపిక్ తీసుకుంటే మంచిది?"

ఉపయోగం తప్పకుండా ఉంటుంది. కానీ ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా నడుస్తున్న పద్ధతిలో చేస్తే మాత్రం ఉండదు. రామప్ప దగ్గర ఇలాంటి ఒక సర్వేలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. అది ఎవరి ప్రాజెక్టు, ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం.

2021 జూలై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం అదే. హనుమకొండలో మేమంతా పండగ చేసుకున్నాం. ఆ వెంటనే కార్లు పెరిగాయి, రీల్స్ పెరిగాయి, వాటితోపాటు మాలాంటి సర్వేవాళ్లు కూడా పెరిగారు. మరుసటి ఏడాది దసరా దాటాక మా బృందం గుడి ఉన్న ఊరు పాలంపేటలో దిగింది.

మా చేతిలో నాలుగు పేజీల ప్రశ్నాపత్రం. పార్కింగ్ ఎలా ఉంది, బోర్డులు ఎలా ఉన్నాయి, గైడ్ బాగా చెప్పాడా, మీ స్నేహితులకు ఈ చోటు చూడమని చెప్తారా, ఇలాంటి ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయాలి. మొత్తం 384 మంది కావాలి. ఈ రంగంలోకి వస్తే ఈ 384 అనే అంకె మీకు ప్రతి థీసిస్‌లోనూ కనిపిస్తుంది. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ఒక పట్టిక ఇచ్చారు. జనాభా పది లక్షలుంటే 384 మందిని అడిగితే చాలని అందులో ఉంది. అయితే అది లాటరీ తీసినట్టు ఎవరికైనా సమానంగా అవకాశం ఉండేలా మనుషులను ఎంచుకున్నప్పుడు పనికొచ్చే లెక్క. శని, ఆదివారాల్లో గేటు దగ్గర నిలబడి, తీరిగ్గా కనిపించినవాళ్లను పట్టుకుని నింపించే కాగితాలకు అది వర్తించదు. అయినా అందరూ అదే అంకె వేసుకుంటారు, ఎవరూ అడగరు.

అసలు విషయానికి వస్తాను. గుడికి వెళ్లే దారి పక్కన ఒకామె మక్క కంకులు కాల్చి అమ్మేది. యాభై దాటి ఉంటుంది. మేం ఎండలో కాగితాలు పట్టుకుని వచ్చేపోయేవాళ్ల వెంట పడుతుంటే చూసి చూసి, చివరికి నన్ను పిలిచింది.

"పొద్దట్నుంచి తిరుగుతనే ఉన్నవ్. ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"గుడి చూడ్డానికి వచ్చినోళ్లు ఏమనుకుంటున్నరో రాస్తున్నం పెద్దమ్మా."

"ఆళ్లు గంటసేపుండి పోయెటోళ్లు. ఆళ్లనేమడుగుతవ్? నన్నడుగు, నేను చెప్త."

సరే, అడుగుదామని కూర్చున్నాను. మొదటి ప్రశ్న, ఏ ఊరి నుంచి వచ్చారు? ఈ ఊరే అంది. ఎంత దూరం ప్రయాణం చేశారు? ఇంటి నుంచి నడిచొచ్చిన అంది. మళ్లీ ఎప్పుడు వస్తారు? రేపు పొద్దుగాల అంది. నాలుగు పేజీలు తిరగేస్తే, ఆమెను అడగడానికి పనికొచ్చే ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గుడిని అంటిపెట్టుకుని ఉన్న ఊరు అది. ఆ ఊరి మనిషికి మా పరిశోధనలో చోటే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాగితాలు పక్కన పెట్టి ఊరికే మాట్లాడాను. అప్పుడు ఆమె కంకుల బస్తా కింది నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. మనవడు వాడి పడేసిన పుస్తకం. మిగిలిన పేజీల్లో పైన కోడలు తారీఖు, వారం రాసిపెట్టేది. కింద ఈమె నిలువు గీతలు గీసేది, పది కంకులకు ఒక గీత. మిగిలిపోయిన కంకులకు అడ్డగీత. రేపు ఎన్ని కంకులు తెప్పించుకోవాలో తెలియడానికి పెట్టుకున్న పద్దు అది. కంకి మిగిలితే ఎండిపోతుంది, నష్టం. అందుకని ఆమె లెక్క మా లెక్కలా కాదు, ప్రతి గీత వెనకా డబ్బుంది.

ఆ పుస్తకం చూస్తే గుడికి ఎవరు, ఎప్పుడు వస్తారో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మేము ఆదివారాలే రద్దీ అనుకుని ఆదివారాలు ఎంచుకున్నాం. ఆమె గీతల్లో కార్తీక సోమవారాలు ఆదివారాలను మించిపోయాయి. స్కూలు బస్సులు వచ్చే రోజులు వేరుగా తెలిసిపోతున్నాయి. పిల్లలు కొనేది తక్కువ, కానీ మిగులు ఉండదు, ఎందుకంటే టీచర్లు ఇంటికి కట్టించుకుపోతారు. హైదరాబాద్ కార్లు పదకొండు దాటాక వస్తాయనీ, భోజనాల వేళకు వెళ్లిపోతాయనీ, ఆ మనుషులు కంకి తప్ప ఊళ్లో ఇంకేదీ కొనరనీ చెప్పింది. ఆడవాళ్లు దిగగానే ముందు ఆమె దగ్గరికే వచ్చి బాత్రూమ్ ఎక్కడని అడుగుతారట. ఇంటి వెనక ఒక గది, బాత్రూమ్ కట్టి పెడితే వచ్చినవాళ్లకు ఆసరా, తనకు నాలుగు రూపాయలు అని ఆమె ఆలోచన. మా ప్రశ్నాపత్రంలో "మరుగుదొడ్ల సౌకర్యం" అనే వరుసకు అందరూ రెండు మార్కులు వేసి పోతున్నారు. దానికి పరిష్కారం ఉన్న మనిషి పక్కనే కూర్చుని ఉంది.

ఆ గది ఎందుకు కట్టలేదంటే, ఇల్లు గుడి చుట్టూ గీసిన హద్దు గీత లోపల పడిందట. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ వంద మీటర్ల వరకు కొత్తగా ఏదీ కట్టకూడదు, పాత ఇల్లు బాగు చేసుకోవాలన్నా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లలో ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. 1958 నాటి పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. ఆ చట్టం ఉండాలనే నేనూ అంటాను. లేకపోతే ఈపాటికి నంది మండపం పక్కనే నాలుగంతస్తుల లాడ్జి లేచేది. కానీ గీత గీసినప్పుడు దాని లోపల ఉండేవాళ్లకు ఏం మిగులుతుందో లెక్కగట్టిన పరిశోధన ఎక్కడుంది? నేను వెతికినన్నింటిలో సందర్శకుల సంతృప్తి దొరుకుతుంది, సందర్శకుల ఖర్చు దొరుకుతుంది. గీత లోపలి ఇళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఆ సాయంత్రమే నోట్‌బుక్ పేజీలు ఫోటోలు తీసుకుని, ఆమెను అడిగే, మా ప్రాజెక్టు పెద్దలకు చూపించాను. ఇలాంటి లెక్క సంపాదించాలంటే నెలల తరబడి మనిషిని కూర్చోబెట్టాలి, ఇక్కడ ఉచితంగా దొరికింది అన్నాను. "ఇది ఏ మెథడాలజీలోకి వస్తుంది? జర్నల్ వాళ్లు ఒప్పుకోరు" అని ఒక్క మాటతో తీసేశారు. రిపోర్టు తయారైంది. సందర్శకుల సగటు సంతృప్తి ఐదుకు ఇంత అని పట్టికలు, రంగురంగుల బొమ్మలు. ఇంగ్లీషులో ఉంది. పాలంపేట గ్రామ పంచాయతీకి ఒక కాపీ కూడా పంపలేదు.

గైడ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇదీ పరిశోధన సంగతే. ఇప్పుడు రామప్పలో జనం ఆగే చోట్లు రెండే. నీళ్లలో తేలే ఇటుకల కథ, మడమ ఎత్తు చెప్పులేసుకున్న మదనిక. ఆ శిల్పం ముందు రీల్స్ తీసుకునేవాళ్లు వరుస కడతారు. నల్లరాతిలో అంత నునుపుగా చెక్కిన ఆ మదనికలను, స్తంభాల మీది నాట్య భంగిమలను నిలబడి చూసేవాళ్లు తక్కువ. తప్పు జనానిది కాదు. వాళ్లకు చెప్పిందే అంత. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు. ఆ గణపతిదేవుడి దగ్గరే గజసేనాధిపతిగా ఉన్న జాయప, నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు. ఈ రెండింటినీ దగ్గర పెట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. పరిశోధన అంటే నా లెక్కలో అదీ. దాదాపు మాయమైపోయిన నాట్యం ఇవాళ పిల్లలు నేర్చుకుంటున్నారు, వేదికల మీద ఆడుతున్నారు. ఆ పని వల్ల ఎవరికి లాభం అని అడగాల్సిన అవసరమే రాదు.

మీరు కోర్సులో చేరగానే డాక్సీ అనే ఆయన 1975లో చెప్పిన నాలుగు మెట్లు చదివిస్తారు. ఊరికి టూరిస్టులు రావడం మొదలైతే స్థానికుల్లో మొదట సంబరం, తర్వాత ఉదాసీనత, తర్వాత చిరాకు, చివరికి పగ పుడుతుందని. ఆ కంకుల పెద్దమ్మలో ఈ నాలుగూ ఒకే రోజున చూశాను. బస్సు ఆగగానే సంబరం. సెల్ఫీ కర్రలు పట్టుకుని పక్కనుంచి పోయేవాళ్ల మీద ఉదాసీనత. బేరమాడి కొనకుండా పోయినవాళ్ల మీద చిరాకు. చెరువు కట్ట మీద సీసాలు పగలగొట్టినవాళ్ల మీద పగ. రామప్ప చెరువు కాకతీయుల కాలం నాటిది, ఇప్పటికీ ఆ నీళ్లతోనే పొలాలు పారుతాయి. గాజు పెంకులు దిగేది ఆ పొలాల్లో నడిచే కాళ్లకే. మెట్ల సిద్ధాంతం బార్బడోస్ దీవినీ, కెనడాలోని నయాగరా-ఆన్-ది-లేక్ ఊరినీ చూసి కట్టింది, దాన్ని తెచ్చి మన గుడి ఊళ్లకు అతికించకండి.

వెనిస్ ఉదాహరణ కూడా ప్రతి పేపర్లో ఉంటుంది. రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర 2024 ఏప్రిల్ నుంచి 5 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టారు, నిజమే. కానీ మనకు వెనిస్ అంత దూరం ఎందుకు? హంపి ఉంది కదా. 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 2011 జూలైలో విరూపాక్ష ఆలయం ముందు బజారులో దశాబ్దాలుగా బతుకుతున్న కుటుంబాల ఇళ్లు, దుకాణాలు కూల్చేశారు. వారసత్వం కాపాడటానికే అన్నారు. బజారు వీధిని కాపాడటానికి బజారునే లేకుండా చేయడం నాకు ఏ రకంగానూ మింగుడు పడదు. రామప్ప చుట్టూ రేపు ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ముందు హంపిలో ఖాళీ చేయించిన కుటుంబాలతో మాట్లాడాలి.

ఇంకో అపోహ కూడా తీసేసుకోండి. యునెస్కో గుర్తింపు వస్తే డబ్బు వచ్చి పడుతుందని ఊళ్లో చాలామంది అనుకున్నారు, మా బృందంలోనూ కొందరు అనుకున్నారు. ఆ జాబితాలో చేరినంత మాత్రాన కట్టలు కట్టలు నిధులు రావు. కాపాడే బాధ్యత, ఖర్చు మన దేశానివే. ఈ మాట ఊరివాళ్లకు ముందే తెలుగులో చెప్పి ఉంటే, మా ప్రశ్నాపత్రాలు చూసి "పైసలెప్పుడొస్తయ్" అని వాళ్లు మమ్మల్ని అడిగేవాళ్లు కాదు.

ఇక టాపిక్ విషయం. నన్నడిగితే మేడారం జాతర తీసుకోండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ, రామప్ప ఉన్న ములుగు జిల్లాలోనే జరుగుతుంది, లక్షల మంది వస్తారు, వాళ్లలో చాలామంది దారిలో రామప్పకూ వస్తారు. అయినా మా సర్వేలో జాతర జనాన్ని అడగొద్దని ముందే చెప్పారు. వాళ్లు భక్తులట, టూరిస్టులు కారట. ఆటోల్లో, ట్రాలీల్లో పిల్లాపాపలతో వచ్చి, రోడ్డు పక్కన వండుకుని తిని, గుడి చుట్టూ తిరిగి వెళ్లే కుటుంబం టూరిస్టు కాదంటే ఆ లెక్కే తప్పు. పెద్దమ్మ నోట్‌బుక్‌లో అన్నిటికంటే చిక్కగా గీతలున్న పేజీలు జాతర నాటివే.

జాతర వచ్చేలోపే పాలంపేటలో, మేడారం దారి ఊళ్లలో పనిచేయడం మొదలుపెట్టండి. ప్రశ్నాపత్రం తెలుగులో, అక్కడి మాటల్లో రాసుకోండి. కంకులు, జామకాయలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్ల పద్దులు అడగండి, చాలామంది ఏదో ఒక రూపంలో రాసుకునే ఉంటారు. వాళ్ల పద్దు వాడుకుంటే వాళ్లకు డబ్బివ్వండి, సర్వేకు వచ్చే గ్రాంటులో దానికీ ఒక పద్దు పెట్టించుకోండి. రిపోర్టు అయ్యాక పది పేజీల తెలుగు కాపీ తీసుకెళ్లి పంచాయతీ ఆఫీసులో అందరి ముందు చదవండి. మీ పీహెచ్‌డీ గైడ్ ఇవన్నీ మెథడాలజీలోకి రావంటే అనుబంధంలో అయినా పెట్టండి, కానీ వదిలేయకండి.