ఊరంతా దాచే రహస్యాన్ని టీనేజ్ నవలలో ఎలా నడపాలి?

ప్రశ్న: కర్నూలు వైపు చిన్న ఊరు, ఇంటర్ చదివే అమ్మాయి, ఊరంతా ఏదో దాస్తోంది. వణుకు పుట్టించే ఈ మిస్టరీని ఎక్కడ మొదలుపెట్టాలి?

దెయ్యంతో కాదు, దాచాల్సిన కారణంతో. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లను తీసుకోండి. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి తేలినట్టే పాత ఊరి మొండిగోడలూ బయటపడతాయి. ఊరు ఖాళీ చేసిన 1981లో ఒక మనిషి మాయమయ్యాడు, అతని పేరున పరిహారం మాత్రం ఎవరో తీసుకున్నారనుకోండి. అప్పటి పాతికేళ్లవాళ్లకు ఇప్పుడు సుమారు డెబ్బై ఏళ్లుంటాయి. అంటే సాక్షి ఆ అమ్మాయి సొంత జేజి, నాయనమ్మే! వానలకు కృష్ణ నిండితే ఆధారం మళ్లీ నీళ్లపాలు కాబట్టి గడువు విడిగా కల్పించనక్కర్లేదు.

అందరూ ఒకే కారణంతో అబద్ధమాడితే కథ చప్పబడుతుంది. ఒకరికి భూమి భయం, ఒకరికి పరువు, ఇంకొకరికి నిజంగానే ఏమీ తెలియదు.

భయాన్ని వస్తువులో పెట్టండి. గింజలు దాచే పాతర, దాని మూతబండ మీద తిరగలి రాయి, ఆ పైన ఇంకో రాయి. లోపల జొన్నలుంటే అంత బరువెందుకు?

ఎక్కువమంది తడబడేది ఫోన్ దగ్గర. సిగ్నల్ లేదని తప్పించుకోవద్దు. ఆమె తీసిన ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడాలి, ఇల్లు చేరేసరికి అందరికీ తెలిసిపోవాలి. ఎస్సై వస్తే రానీండి, ముడి మాత్రం ఆమే విప్పాక.