మొదటి క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌గా ఇత్తడి ఫ్రేముది కొనొచ్చా?

ప్రశ్న: హెచ్-1బి మీద టెక్సస్‌లో ఉంటున్నాను. మొన్న ఒక స్నేహితుడు రేంజికి తీసుకెళ్ళి పాతకాలం కోల్ట్ రివాల్వర్ రెప్లికా కాల్పించాడు, తూటాలు కాకుండా మందూ గుండూ విడివిడిగా నింపే క్యాప్ అండ్ బాల్ రకం. ఆ పొగ, ఆ వాసన మనసులోంచి పోవడం లేదు. ఇత్తడి ఫ్రేముతో .44 కాలిబర్ 1851 నేవీ ఒకటి చవగ్గా దొరుకుతోంది. కొనొచ్చా? కోల్ట్ మంచిదా, రెమింగ్టన్ మంచిదా? ఇండియాకి తీసుకెళ్ళొచ్చా?

జవాబు:

కొనకండి. పన్నెండేళ్ళ కిందట నేను మొదట కొన్నది సరిగ్గా అదే.

పెట్టె తెరవగానే పూజగదిలో ఇత్తడి కుందిలా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపుకే పడిపోయాను. కానీ ఇత్తడి మెత్తన. తుపాకీమందు దట్టంగా పోసి కాలుస్తూ ఉంటే సిలిండర్ (మందూ గుండూ నింపే, తిరిగే భాగం) వెనక్కి కొట్టుకుని ఫ్రేములో గుంట పడుతుంది, బ్యారెల్‌ని పట్టి ఉంచే కడ్డీ వదులవుతుంది. ఎంత పొగ వస్తే అంత సంబరం అనుకుని నేను మొదటి వేసవంతా సిలిండర్‌లోని ఒక్కో చాంబర్‌కి (గుంటకి) 30 గ్రెయిన్లు, అంటే దాదాపు రెండు గ్రాములు, పోశాను. మరుసటి ఏడాదికి సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కంటికి తెలిసిపోయేంత అయింది. ఇప్పుడది గోడకి వేలాడుతోంది. పండక్కి చింతపండు పెట్టి తోముతాం, అంతే.

ఇంకో సంగతి. .44 కాలిబర్‌లో 1851 నేవీ అన్నది కోల్ట్ ఎన్నడూ చేయలేదు. అసలుది .36. ఇత్తడి ఫ్రేమూ కోల్ట్‌ది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో ఇనుముకి కటకటపడిన దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు జార్జియాలోని గ్రిస్‌వోల్డ్ కార్ఖానా లాంటిచోట్ల కోల్ట్ నమూనాకి ఇత్తడి ఫ్రేములు పెట్టుకున్నారు. వాళ్ళదీ .36 కాలిబరే. అంటే మీరు చూస్తున్నది రెండు అబద్ధాలు కలిపి పోతపోసిన బొమ్మ. చరిత్ర కోసం సేకరించాలనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. దానికి నేవీ అన్న పేరెందుకో చూడాలంటే సిలిండర్ మీది చెక్కడాన్ని భూతద్దంతో చూడండి: 1843 మే 16న టెక్సస్ నౌకాదళం మెక్సికో ఓడలతో చేసిన కంపెచే యుద్ధం. మీరుండే రాష్ట్రం కథే.

కోల్టా, రెమింగ్టనా అంటే నా మాట ఇది. కాల్చడమే ముఖ్యమైతే ఉక్కు ఫ్రేముతో రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ, .44. అందరూ 1858 అంటారు గానీ అది బ్యారెల్ మీద కొట్టిన పేటెంట్ తేదీ. ఆ మోడల్ తయారీ అంతర్యుద్ధం రోజుల్లో. సిలిండర్ పైనుంచి ఉక్కు పట్టీ పోయి ఫ్రేము నాలుగు వైపులా మూసుకుని ఉంటుంది, గట్టిది. వెనక గురి చూసే గాడి ఆ పట్టీలోనే ఉంటుంది. కోల్ట్‌కి పైపట్టీ లేదు. బ్యారెల్‌ని ఒక చిన్న చీల మీద నిలబెట్టారు, వెనక గాడి హ్యామర్ నెత్తిన చెక్కారు. హ్యామర్ లేపితే తప్ప గురి కనపడదు. పైగా దగ్గర దూరంలో గుండు గురికి బాగా పైన తగులుతుంది. నా కాగితాల్లో మొదటి నెల రంధ్రాలన్నీ పై అంచులోనే ఉండేవి. నా చూపు పాడైందనుకుని కళ్ళద్దాలు మార్పించుకున్నాను కూడా.

ఇంత చెప్పి, నాకు ఇష్టమైనది మాత్రం ఉక్కు ఫ్రేము .36 నేవీయే. చేతిలో కూర్చునే తీరు వేరు. పేరుమోసిన తుపాకీవీరుడు వైల్డ్ బిల్ హికాక్ 1865లో మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దాదాపు 75 గజాల నుంచి తనతో తలపడిన డేవిస్ టట్‌ని కొట్టింది ఇలాంటి కోల్ట్‌తోనే అంటారు. 1857 తిరుగుబాటు నాటికి మన దేశంలోని బ్రిటిష్ అధికారుల చేతుల్లోకీ కోల్ట్‌లు, ఆడమ్స్‌లు (ఇంగ్లండు రివాల్వర్లు) వచ్చాయి. అది తలుచుకుంటే నా ఇష్టం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఇష్టం పోలేదు.

ఇవన్నీ ఇటలీ నుంచి వస్తాయి. ఉబెర్టి, పియెట్టా రెండూ బ్రెషా ప్రాంతానివే. 1950ల చివర్లో, అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండబోతుండగా, అమెరికన్ల మోజు చూసి అక్కడి తుపాకీ పనివాళ్ళు మొదలుపెట్టిన వ్యాపారం ఇది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఫ్రేము మీద చిన్న చదరంలో రెండక్షరాలు వెతకండి. అది ఇటలీ పరీక్షశాల వేసే సంవత్సరం గుర్తు. నా నేవీ మీద ‘సీఎం’ అని ఉంది, అంటే 2014. అమ్మేవాడు "మా తాతగారిది" అని మొదలుపెడితే ఈ చదరం చూపించి బేరం ఆడొచ్చు.

ఇక కాల్చడం. దీనికి తూటాలుండవు, అన్నీ విడివిడిగా నింపుకోవాలి. బ్లాక్ పౌడర్‌ని తెలుగులో నల్లమందు అనకండి, అది వేరే కేసు. తుపాకీమందు అనండి. సూరేకారం, గంధకం, బొగ్గు. చిన్నప్పుడు మా వీధిలో మతాబులు కట్టినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, మొదటిసారి కాల్చగానే ముక్కు దీపావళి అంటుంది. ఆ ధైర్యంతో ఇంట్లో నూరుకోవాలనుకోకండి. డబ్బాలో కొనండి, సన్నరకం, మూడు ఎఫ్‌లు రాసి ఉన్నది. ఇప్పటి పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా వీటిలో పోయకూడదు, సిలిండర్ పేలిపోతుంది.

హ్యామర్ సగం లేపి, చాంబర్‌లో కొలిచిన మందు పోసి, నూనె పట్టించిన ఊలు బిళ్ళ పెట్టి, పైన సీసపు గుండు ఉంచి, కింది లీవర్‌తో అదమాలి. గుండు చాంబర్ కంటే కొంచెం లావుగా ఉండాలి, దిగేటప్పుడు ఉంగరంలా సన్నటి సీసపు చుట్ట తెగి రావాలి. అది రాకపోతే గుండు సరిపోలేదని లెక్క. అప్పుడు ఒక చాంబర్ మంట పక్కదానికి అంటుకుని రెండు మూడు ఒకేసారి పేలే ప్రమాదం ఉంది. .36కి నేను .375 గుండు, 20 గ్రెయిన్ల మందు వాడతాను. మందు ఫ్లాస్కు నుంచి నేరుగా పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోని ఫ్లాస్కే బాంబవుతుంది. వేరే కొలతగిన్నెలోకి తీసుకుని పోయండి. చివర్లో, గొట్టం రేంజి వైపు పెట్టాకే, వెనక నిపుళ్ళ (చాంబర్‌లోకి నిప్పు వెళ్ళే చిన్న మొనల) మీద క్యాపులు (హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీలు). ఆరు చాంబర్లున్నా నేను అయిదే నింపుతాను, హ్యామర్ ఖాళీదాని మీద దించుతాను.

ఇదంతా చేస్తూ కబుర్లు చెప్పకూడదు. నేను చెప్పాను. పక్క బల్ల మీద ఒక కుర్రాడు ప్రశ్నలు అడుగుతుంటే గురువునైపోయి, ఒక చాంబర్‌లో మందు పోయడం మరిచి గుండు దించేశాను. మూడో దెబ్బకి ‘టిక్’ మంది అంతే. క్యాపు బలానికే గుండు సగం బ్యారెల్‌లోకి వెళ్ళి ఇరుక్కుంది. సిలిండర్ ఇటూ తిరగదు, అటూ తిరగదు, ఇంకా రెండు చాంబర్లు నిండే ఉన్నాయి. చెమటలు పట్టాయి. ఇలా పేలనప్పుడు గొట్టం రేంజి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. రేంజిలో ఎప్పుడూ ఉండే ఒక పెద్దాయన వచ్చి, మిగిలిన క్యాపులు తీయించి, చేతులు గొట్టానికి ఎదురుగా రాకుండా ఇత్తడి కడ్డీతో గుండుని మెల్లగా వెనక్కి తట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ కుర్రాడు మాత్రం అంతా వీడియో తీసుకున్నాడు.

కోల్ట్‌తో అసలు విసుగు క్యాపు ముక్కలు. పేలిన రాగి రేకు చీలి హ్యామర్ సందులో పడి యంత్రాన్ని బిగించేస్తుంది. నిపుల్‌కి సరిపడే సైజు క్యాపు వెతుక్కుంటే చాలావరకు తగ్గుతుంది. నాకు 10వ నంబరు సరిపోయింది, మీ తుపాకీకి 11 కావచ్చు. రెండూ తలా ఒక డబ్బా తెచ్చుకోండి.

కాల్చినరోజే కడగాలి. రేపు అనుకుంటే తుప్పే. మసి తేమని పీల్చుకుంటుంది. వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్, తర్వాత బాగా ఆరబెట్టి నూనె. నీళ్ళు తగలగానే గంధకం కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మా ఆవిడ మొదటిరోజే వంటింటి సింకు వద్దని తేల్చేసింది. అది కంపు గురించి, కానీ సీసం గురించి చూసినా ఆవిడ మాటే సరైనది. గరాజులో వేరే బకెట్టు పెట్టుకోండి, చేతులు కడుక్కున్నాకే అన్నం దగ్గరికి వెళ్ళండి. గంట కాలిస్తే గంటన్నర కడుగుడు. ఇది చదివి ఉత్సాహం తగ్గితే డబ్బు మిగిలినట్టే.

చట్టం సంగతి. నేను లాయర్‌ని కాదు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవీ, వాటి రెప్లికాల్లో ఇప్పటి తూటాలు పట్టనివీ ‘యాంటిక్’ కింద వస్తాయి, ఫెడరల్ లెక్కలో ‘ఫైర్‌ఆర్మ్’ కావు. అందుకే పార్శిల్‌లో ఇంటికే వస్తాయి. రాష్ట్రాల లెక్క వేరు. న్యూజెర్సీలో మామూలు హ్యాండ్‌గన్‌లాగే పర్మిట్ కావాలి. మీరు వీసా మీద ఉన్నారు, నాన్-ఇమిగ్రెంట్లకి ఫైర్‌ఆర్మ్స్ విషయంలో ఫెడరల్ ఆంక్షలున్నాయి. కాబట్టి కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి. తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ జోలికి అసలు పోకండి, అది బిగించగానే ఆ మినహాయింపు పోతుంది.

ఇండియాకి మాత్రం వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద అడవిలో వాడే నాటు తుపాకీకే లైసెన్సు కావాలి, కస్టమ్స్‌లో "ఇది యాంటిక్ సార్" అంటే ఎవరూ వినరు. మందూ క్యాపులూ అయితే విమానంలో ఏ బ్యాగులోనూ పెట్టకూడదు. నేను ఊరికి ఫోటోలే పట్టుకెళ్తాను. మా మావయ్య వాటిని చూసి, ఇత్తడిదే బాగుందిరా అన్నాడు.