మొటిమలకి బీపీ మాత్ర రాశారు, వేసుకోవచ్చా?

మొటిమలకి మీ డాక్టరు రాసిన స్పైరోనోలాక్టోన్‌ని చూసి 'ఇది బీపీ మాత్ర' అన్న మీ మెడికల్ షాపు అబ్బాయి అబద్ధం చెప్పలేదండీ. స్పైరోనోలాక్టోన్ బీపీకి, ఒంట్లో నీరు చేరితే తీయడానికి ఇచ్చే మాత్రే. నా చీటీ చూసి కూడా "మేడం, బీపీ ఎవరికి?" అని అడిగారు.

ఇంటర్‌లో నాకు ఒక్క మొటిమ లేదు. 31 దాటాక మొదలయ్యాయి. అవీ నుదుటి మీద కాదు, దవడ వెంబడి, గడ్డం కింద, ముట్టుకుంటే సలిపే గడ్డల్లా. పీరియడ్స్‌కి వారం ముందు తప్పకుండా లేచేవి. రెండుసార్లు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు వాడాను. వాడినన్నాళ్లూ తగ్గి, ఆపగానే తిరిగొచ్చాయి. మా అత్తగారైతే వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవారు.

టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి, చర్మంలో నూనె ఎక్కువ ఊరేలా చేస్తాయి. ఈ మాత్ర వాటికి అడ్డుపడుతుంది. పరీక్షల్లో నాకు పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి పీరియడ్స్ గాడి తప్పే సమస్య) లేదు, హార్మోన్లూ నార్మలే. అయినా పనిచేసింది.

కావలసింది ఓపిక. 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాలకి 100 చేశారు. రెండో నెలలో కూడా తేడా లేక అద్దం ముందు ఏడ్చాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 410 మంది ఆడవాళ్ల మీద చేసి 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనంలోనూ 12 వారాలకంటే 24 వారాలకే ఫలితం బాగా కనబడింది. నాకు నాలుగో నెలలో గడ్డలు లేవడం తగ్గింది.

మొదట్లో మాటిమాటికీ బాత్రూంకి పరుగు, గబుక్కున లేస్తే కళ్లు తిరగడం, పీరియడ్స్ నెలకి రెండుసార్లు. పొటాషియం పెరగొచ్చు కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నా, వేరే బీపీ మందులు వాడుతున్నా ముందే చెప్పండి. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే, రోజూ కొబ్బరిబోండాం తాగే అలవాటుంటే అదీ చెప్పండి, నన్ను మానమన్నారు.

పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ఈ మాత్ర వద్దే వద్దు. కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల దెబ్బతినొచ్చు. అందుకే చాలామందికి గర్భనిరోధక పిల్ తోడుగా రాస్తారు, అది మొటిమలకీ మంచిదే. నాకు కళ్ల ముందు మెరుపులొచ్చే మైగ్రేన్ ఉంది. ఈస్ట్రోజన్ ఉన్న పిల్ వేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుందని డాక్టరుగారు వద్దన్నారు. కాపర్-టీతో సరిపెట్టుకున్నాను.

ఏడాది తర్వాత బాగైపోయిందనుకుని నా అంతట నేనే ఆపేశాను. మూడు నెలలకి మళ్లీ దవడ మీదే మొదలు. ఇప్పుడు 50 మీద ఉన్నాను, పీరియడ్స్ ముందు ఒకటీ అరా వస్తుంది, అంతే.