లిబర్టీ విగ్రహానికి పెద్దవాళ్లతో ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. అమ్మానాన్నలు వచ్చారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి కిరీటం టికెట్ తీసుకోవాలా? ఉచితంగా తిరిగే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కిరీటం వద్దండి. పీఠం పైనుంచి అక్కడికి 162 మెట్లు. మెలికలు తిరిగే ఇరుకు దారి, లిఫ్టు లేదు. ఎండాకాలం లోపల ఉక్కపోత. అంత కష్టపడి ఎక్కితే పైన ఉన్నవి 25 చిన్న కిటికీలు. పీఠం వరకు లిఫ్టు ఉంది కాబట్టి ఆ టికెట్ ముందుగా బుక్ చేసుకోండి. అది దొరక్కపోయినా బాధ లేదు. మామూలు టికెట్‌తోనే లిబర్టీ ఐలాండ్ దీవిలో దిగి విగ్రహం చుట్టూ తిరగొచ్చు, మ్యూజియం చూడొచ్చు. 1984లో విగ్రహం చేతిలోంచి దించిన పాత కాగడా అక్కడే ఉంది. దాని రాగి చట్రాన్ని, గాజు పలకలను దగ్గర నిలబడి చూడటం నిజంగా గొప్పగా ఉంటుంది.

మీరు మన్‌హాటన్ వెళ్లక్కర్లేదు. జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్క్‌లో కారు పెట్టి అక్కడే పడవ ఎక్కండి. ఎక్కేముందు విమానాశ్రయంలోలా తనిఖీ ఉంటుంది, సామాను తక్కువగా తీసుకెళ్లండి. ఈ పడవ ముందు ఎల్లిస్ ఐలాండ్‌లో ఆగుతుంది. 1892 నుంచి 1954 వరకు వలస వచ్చినవాళ్లను పరీక్షించిన చోటు అది. రెండు దీవులూ చూడాలంటే పొద్దున్నే బయల్దేరాలి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: లిబర్టీ ఐలాండ్ నుంచి న్యూయార్క్‌కీ న్యూజెర్సీకీ వేర్వేరు పడవలు ఉంటాయి. బోర్డు చూడకుండా ఎక్కితే మీరు మన్‌హాటన్‌లో, కారు జెర్సీలో!

స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ దీవి దగ్గర ఆగదు. మన్‌హాటన్ వైట్‌హాల్ టెర్మినల్ నుంచి 25 నిమిషాల ప్రయాణం, వెళ్లేటప్పుడు విగ్రహం కుడివైపు కాస్త దూరంగా కనిపిస్తుంది. అవతల అందరూ దిగి మళ్లీ ఎక్కాల్సిందే. ఎక్కువ నడవలేనివాళ్లకు, టైం లేనివాళ్లకు మంచిదే. మీ నాన్నగారు కొంచెం నడవగలిగితే మాత్రం దీవికే తీసుకెళ్లండి.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం, టాప్ ఆఫ్ ద రాక్ (రాక్‌ఫెల్లర్ సెంటర్ పైనుంచి నగరాన్ని చూసే చోటు)లలో ఒక్కటే ఎక్కాలంటే?
– మరో పాఠకుడు

జవాబు: టాప్ ఆఫ్ ద రాక్. అక్కడి నుంచి ఉత్తరాన సెంట్రల్ పార్క్, దక్షిణాన ఎంపైర్ స్టేట్ రెండూ కనిపిస్తాయి. ఎంపైర్ స్టేట్ ఎక్కితే అదే కనిపించదు కదా! సూర్యాస్తమయానికి గంట ముందు టైముకి టికెట్ తీసుకుంటే పగలూ చూస్తారు, దీపాలూ చూస్తారు.